పెట్టిపో, చూస్త

దినాలు అయిపోయిన తెల్లారి
దేవరకొండల మా ఇంటి ముంగట
ఒక్కొక్కలే వచ్చి నిలవడ్డరు.
పరామర్శకు కాదు.
"మీ నాయిన దగ్గర మా మిక్సీ ఉన్నది బిడ్డా,
ఉగాదికి ఇచ్చిన."
"మా గోడగడియారం."
"మా అల్లుని టార్చిలైటు."
ఎవ్వరేం తెచ్చినా నాయినది ఒక్కటే మాట:
పెట్టిపో, చూస్త.

మూడు రేకుల అర్ర తాళం తీసిన.
కరిగిన సీసం వాసన, ఎండిన ఎర్రల వాసన,
మిషను నూనె వాసన, అన్నిటికింద ఆయన బీడీ వాసన.
ప్రతి వస్తువుకు దారంతోని కట్టిన చీటీ:
పేరు, తారీకు, రోగం.
"లింగ్యా నాయక్ రేడియో. గొంతు పోయింది."
"ఖాజా మియా గడియారం. నడుస్తది గని నమ్మొద్దు."
"సైదమ్మ మిక్సీ. అరుస్తది. సైదమ్మ గూడ."

ముప్పై మూడేండ్లు కరెంటు స్తంభాలెక్కిన లైన్‌మన్,
దిగినంక ఒక్క పొద్దు ఊకె కూసోలే.
పొద్దుగాల సీతాఫలం చెట్లకు అంట్లు కట్టేటోడు,
పగటీలి రేడియోల కడుపు కోసేటోడు,
ఆదివారమైతె సైకిలేసుకొని డిండి కట్టకు.
నలభై ఏండ్లల్ల ఆయన తెచ్చిన చేపలు
మా అమ్మ వేళ్ళ మీద లెక్క చెప్తది.
అండ్ల రెండు బజార్ల కొన్నయి.

హార్మోనియం ఒక్కటి ఆయనకు లొంగలే.
అరవై రెండో ఏట పట్టిండు,
ఎనభై ఎనిమిది దాకా అదే పాట,
అదే కాడ ఆగుడు,
"ఉండుండు" అని మళ్ళ మొదటికొచ్చుడు.
భజనోళ్ళు ఓపిక పట్టి పట్టి
చేతులకు తాళాలిచ్చి
మర్యాదగ వెనుక వరుసల కూసోవెట్టిండ్రు.
దాంట్ల గూడ జర ముందే కొట్టేటోడు.

కుట్టుడు మాత్రం సరదాకు నేర్చుకోలే.
అమ్మకు టైఫాయిడ్ వచ్చిన ఏడు,
నలుగురు ఆడపిల్లలం,
బడి తెరిచే దినం నెత్తిమీదికొచ్చె.
స్తంభం దిగొచ్చి, నడుముకు బెల్టు ఇప్పకుంటనే
మిషను ముంగట కూసున్నడు.
నాలుగు నీలి లంగాలు, నాలుగింటికి ఒక్కటే కొలత.
నాకు నేలమీద ఈడ్సవట్టె,
పెద్దక్కకు మోకాలు దాటకపాయె.
బళ్ళె నవ్విండ్రు.
ఏడ్సుకుంట ఇంటికొస్తె ఏమనలే,
నోటినిండ పిన్నీసులుండె.
దీపం కాడ తెల్లారేదాకా విప్పి మళ్ళ కుట్టిండు.
అమ్మ లేచి తిరుగవట్టినంక గూడ
మిషను మాత్రం ఇడ్వలే.
"మిషను నాది, మొగుడు నావోడు,
రెండూ నా చేతికి దొరకకపాయె"
అని వాకిట్ల అందరికి చెప్పుకునేది.

రాత్రి తొమ్మిదైతె గడప కాడ చెప్పులు లెక్కవెట్టేటోడు.
ఆరు జతలు నిండితెనే గడె పెట్టుడు.
మేం పెండ్లిళ్ళై పోయినంక గూడ లెక్కవెట్టిండట.
రెండే జతలు కనవడ్డ మొదటి రాత్రి
సైకిలంత విప్పి తుడిసి
మళ్ళ బిగిచ్చి పండిండట.
ఒక నట్టు మిగిలిందట గూడ.

ఇచ్చుకుంట పోయిన, చీటీలు చదువుకుంట.
ఎవ్వరూ వస్తువు పని చేస్తదా అని అడగలే.
చీటీ మాత్రం జాగ్రత్తగ అడిగి తీసుకున్నరు.
ఖాజా మియా గడియారం చెవికాడ పెట్టుకొని
గేటు దాటెదాకా అట్లనే పోయిండు.

అడుగున బస్తాల చుట్టిన మోటరొకటి మిగిలింది.
"అంజిలమ్మ. కుట్టు మిషనుకు.
రోగం లేదు. ఆమె మోకాళ్ళ కోసం.
రెండు స్క్రూలు తక్కువ."
తారీకు చూస్తె నాలుగేండ్ల కిందటిది.

అమ్మకు చదువు రాదు.
చదివి వినిపిచ్చిన. ఇంకోపాలి చదువుమన్నది.
"రోగం లేదని రాసిండా?
నా మోకాళ్ళను ఒకసారి అడుగుమను" అన్నది.
చీటీ మలిసి రైకెల పెట్టుకొని
బియ్యం కడగను లోపలికి పోయింది.

రెండిండ్ల అవతల
సైదమ్మ మిక్సీ
అట్లనే అరుస్తున్నది.